పాత జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున పనులు చేసే అధికారం ఇంకొకరికి రాసిచ్చే కాగితం) ఫార్మాట్ నడవదంటున్నారు, అమెరికా నుంచి కొత్తది పంపాలి. ఈ మధ్య చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డాలస్_శ్రీను:
అందరికీ నమస్తే. హైదరాబాద్ శివార్లలో నా పేరు, అమ్మ పేరు కలిపి ఒక ఫ్లాట్ ఉంది. అమ్మేద్దాం అనుకున్నాం, కొనేవాళ్లు కూడా దొరికారు. నాకేమో ఇప్పట్లో సెలవు దొరికేలా లేదు. మా బావగారు విజయవాడలో ఉంటారు, ఆయనకి జీపీఏ ఇచ్చేస్తే సరిపోతుందని 2009లో ఇదే బావగారికి ఇచ్చిన పాత జీపీఏ కాపీ వెతికి, తేదీలు మార్చి, డాక్యుమెంట్ రైటర్‌కి వాట్సాప్‌లో పెట్టాను. ఆయన ఒకే ముక్క చెప్పాడు, "సార్, ఇది ఇప్పుడు నడవదు" అని. ఎందుకు నడవదో చెప్పలేదు, కొత్తది రాయించుకోండి అని మాత్రం అన్నాడు.

పాతది మొత్తం ఒకటిన్నర పేజీ. "నా సమస్త స్థిర చరాస్తుల విషయమై నా తరఫున సకల వ్యవహారములు జరుపుటకు" అని మొదలై అలాగే అయిపోతుంది. అప్పట్లో దాంతోనే కరెంటు మీటరు పేరు మారింది, బ్యాంకు పని అయింది, ఒక స్థలం రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. మరి ఇప్పుడేం మారింది? చట్టం మారిందా, లేక రైటర్ గారి ఫీజు పెరిగిందా?

ఇంకో విషయం, అమ్మకి 76 ఏళ్లు, అక్కావాళ్ల దగ్గరే విజయవాడలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. అమ్మ తరఫున కూడా బావగారే సంతకం పెట్టాలి. ఇద్దరిదీ ఒకే కాగితంలో పెట్టొచ్చా?

గోదారి_గట్టు:
రైటర్ ఫీజు ఎప్పుడూ పెరుగుతుంది లెండి 😀. పవర్స్ ఆఫ్ అటార్నీ యాక్ట్ అయితే 1882 నాటిదే. తెల్లదొరలు పోయారు, అది మాత్రం అక్కడే కూర్చుంది. తెలిసినవాళ్లు చెప్తారు, నేను కూడా ఫాలో అవుతున్నా.

దస్తావేజు_మామ:
22 ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను, ఇక్కడ కాదు మా ఊళ్లో. శ్రీను గారూ, మీ రైటర్ చెప్పింది నిజమే, కాకపోతే విడమర్చి చెప్పి ఉండాల్సింది.

మీ పాత కాగితంలో "సకల వ్యవహారములు" అన్నారు కదా, ఆ మాటకి ఇప్పుడు అంత విలువ లేదు. కోర్టులు పవర్ కాగితాన్ని అక్షరం అక్షరం పట్టుకుని చదువుతాయి. అమ్మే అధికారం ఇచ్చాను అని విడిగా రాయకపోతే ఇవ్వలేదనే లెక్క. అమ్మడం ఒకటి, అడ్వాన్సు పుచ్చుకోవడం ఒకటి, సేల్ డీడ్ మీద సంతకం పెట్టడం ఒకటి, సబ్ రిజిస్ట్రార్ ముందు హాజరై రాసిచ్చానని ఒప్పుకోవడం ఇంకొకటి, తాళాలు అప్పగించడం మరొకటి. దేనికది రాయాలి. మొన్నీ మధ్య ఒకాయన సింగపూర్ నుంచి చక్కగా అచ్చు వేయించి పంపాడు, అమ్మే అధికారం ఉంది, రిజిస్ట్రేషన్‌కి హాజరై అంగీకరించే ముక్క లేదు. మళ్లీ మొదటికొచ్చింది. కొనేవాడు అడ్వాన్సు వెనక్కి పట్టుకుపోయాడు.

ఆస్తి షెడ్యూలు కూడా పూర్తిగా ఉండాలి. ఫ్లాట్ నంబరు, ఏ అంతస్తు, ఎన్ని చదరపు అడుగులు, మీ వాటా కింద వచ్చే అవిభాజ్యపు స్థలం ఎన్ని గజాలు, నాలుగు హద్దులు, మీరు కొన్న డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం. అంకె తప్పు పడితే కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. మీ ఫోటో, వేలిముద్రలు, బావగారి ఫోటో, వేలిముద్రలు, ఇద్దరి గుర్తింపు కార్డులు. పవర్ పుచ్చుకునే మనిషి కూడా అంగీకారంగా సంతకం చేస్తే మంచిది.

ఇద్దరిదీ ఒకటి కుదరదు. అమ్మది వేరు, మీది వేరు. మీరు అక్కడ, ఆవిడ ఇక్కడ.

లాయరమ్మ_గుంటూరు:
మామ గారు రాసినదానికి కొంచెం చట్టం కలుపుతాను, పెద్దగా ఉంటుంది, ఓపిక ఉంటేనే చదవండి.

"ఏం మారింది" అన్న ప్రశ్నకి సమాధానం, 1882 చట్టం మారలేదు, దాని చుట్టూ ఉన్నవి మారాయి. మొదటి పెద్ద దెబ్బ 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసు. అంతకు ముందు ఢిల్లీ చుట్టుపక్కల మొదలుకుని మన దగ్గర దాకా ఒక అగ్రిమెంటు, ఒక జీపీఏ, ఒక వీలునామా కట్టగట్టి ఇచ్చేసి "అమ్మేశాం" అనుకునేవారు. స్టాంపు డ్యూటీ మిగిలేది, నల్లడబ్బుకి దారి దొరికేది. అవన్నీ కలిపినా యాజమాన్యం రాదు, రిజిస్టరైన సేల్ డీడ్ ఒక్కటే దారి అని కోర్టు తేల్చింది. అయితే అదే తీర్పులో, నిజంగా పని చేసిపెట్టడానికి భార్యకో కొడుకుకో అన్నదమ్ములకో ఇచ్చే జీపీఏని మేం తప్పుపట్టడం లేదని కూడా చెప్పింది. ఆ రెండో ముక్క ఎవరూ చదవరు. శ్రీను గారిది ఆ రెండో రకమే, భయపడక్కర్లేదు.

రెండోది 2025 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు. బెంగళూరు ఆస్తి. 1986లో యజమాని జీపీఏ, అమ్మకపు ఒప్పందం రాసిచ్చాడు, 1997లో చనిపోయాడు, ఆ తర్వాత 1998లో పవర్ ఉన్నావిడ అదే పవర్‌తో తన కొడుకు పేరు మీద సేల్ డీడ్ చేసేసింది. చెల్లదన్నారు. కాగితం పైన "ఇర్రివోకబుల్" అని పెద్దక్షరాలతో రాసినా, లోపల రాసిన విషయాన్ని బట్టే అది రద్దుకాని పవరో మామూలు పవరో తేలుతుంది, మామూలుదైతే ఇచ్చిన మనిషి పోగానే అదీ పోతుంది. అందుకే ఇప్పుడు రిజిస్ట్రేషన్ రోజున "ఇచ్చినవారు బతికే ఉన్నారు, పవర్ రద్దు చేయలేదు" అని రాతపూర్వకంగా అడుగుతుంటారు. విసుక్కోకండి.

మూడోది ఇంకా రాలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం తీసేసి కొత్తది తేవాలని కేంద్రం 2025 మేలో ముసాయిదా పెట్టి 30 రోజులు అభిప్రాయాలు అడిగింది. అందులో స్థిరాస్తి బదిలీకి సంబంధించిన పవర్ ఆఫ్ అటార్నీలు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాల్సిన జాబితాలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో దస్తావేజు దాఖలు చేయడం, ఇష్టమైతే ఆధార్‌తో గుర్తింపు, ఆధార్ వద్దంటే వేరే గుర్తింపు కూడా ఉన్నాయి. ముసాయిదాని పట్టుకుని "చట్టం అయిపోయింది, పాత జీపీఏలన్నీ రద్దు" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు, నమ్మకండి.

చిరాకు_చంద్రం:
మేడమ్, భార్యకి, అన్నదమ్ములకి ఇచ్చింది తప్పు కాదు సరే, బావమరుదులకి, బాబాయిలకి ఇచ్చినవాళ్ల సంగతేంటి? నేను చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నా. రాస్తాను తర్వాత.

న్యూజెర్సీ_వెంకట్:
పోయిన సంవత్సరం నేను చేశా, వరసగా చెప్తాను. డ్రాఫ్ట్ ఇండియాలో రాయించి వర్డ్ ఫైల్ తెప్పించుకున్నా. ఇక్కడ ప్రింట్ తీసి, ప్రతి పేజీ కింద సంతకం, చివరి పేజీలో ఇద్దరు సాక్షులు. నోటరీ ముందే సంతకం పెట్టాలి, ఇంట్లో పెట్టేసి తీసుకెళ్తే నోటరీ ఒప్పుకోదు. అక్కడినుంచి రెండు దారులు. ఒకటి కాన్సులేట్ అటెస్టేషన్, దరఖాస్తు వీఎఫ్ఎస్ (కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీ) ద్వారా వెళ్తుంది. రెండోది అపోస్టిల్, అంటే ఒక దేశం కాగితం ఇంకో దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ, మీ రాష్ట్రం సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు వేస్తుంది, టెక్సాస్ వాళ్లకైతే అది ఆస్టిన్‌లో. నేను అపోస్టిల్ చేయించా.

ఒరిజినల్ కొరియర్‌లో పంపా. స్కాన్ కాపీతో ఏ పనీ కాదు. అక్కడ మా మామయ్య దాన్ని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాడు, అంటే ఇక్కడ చెల్లుతుందని ముద్ర వేయించాడు. ఇదంతా అయ్యాకే సబ్ రిజిస్ట్రార్ దగ్గర పనికొచ్చింది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇండియాలో కాగితం చేతికందిన రోజు నుంచి 3 నెలల్లో స్టాంపు కట్టాలి. మా మామయ్య కొరియర్ కవర్ చించి చెత్తబుట్టలో వేశాడు. ఎప్పుడు అందిందో చూపించమంటే ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం (వీడియో కాల్‌లో లెండి). చివరికి కొరియర్ వాళ్ల ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసి ఇచ్చాం.

సెయింట్‌లూయిస్_సుజాత:
మా దగ్గర అపోస్టిల్ ఉన్నా "కాన్సులేట్ ముద్ర లేదు" అని వెనక్కి పంపారండి. మళ్లీ కాన్సులేట్‌లో చేయించాం. కాబట్టి వెంకట్ గారూ, మీకు అయింది అని అందరికీ అవుతుందని చెప్పకండి.

న్యూజెర్సీ_వెంకట్:
అవుతుందని నేను అనలేదు సుజాత గారూ, నేను చేసింది చెప్పాను. అపోస్టిల్ ఒప్పందంలో ఇండియా 2005 నుంచి ఉంది, చెల్లదనడానికి వీల్లేదు.

లాయరమ్మ_గుంటూరు:
కొట్టుకోకండి, ఇద్దరిదీ నిజమే. రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్‌లో దేశం బయట ఉన్న మనిషి పవర్ ఇస్తే అది నోటరీ, కోర్టు, జడ్జి, మేజిస్ట్రేట్, ఇండియన్ కాన్సుల్, వీళ్లలో ఎవరి ముందైనా రాసి ధ్రువీకరించుకోవచ్చని ఉంది. అంటే చట్టం ప్రకారం కాన్సులేట్ ఒక్కటే దారి కాదు. కానీ కౌంటర్ అవతల కూర్చున్న మనిషితో సెక్షన్లు వాదించి గెలిచి, రిజిస్ట్రేషన్‌కి ఇచ్చిన స్లాట్ పోగొట్టుకునే బదులు, డ్రాఫ్ట్ పంపే ముందే అక్కడ ఏది తీసుకుంటున్నారో బావగారిని వెళ్లి కనుక్కోమనండి. ఫోన్‌లో కాదు, వెళ్లి.

డాలస్_శ్రీను:
బోలెడు థాంక్స్ అందరికీ. బావగారు రేపు వెళ్తానన్నారు. అమ్మ సంగతి ఎవరైనా చెప్పండి. ఫ్లాట్ తెలంగాణలో, అమ్మ విజయవాడలో. అమ్మని హైదరాబాద్ తీసుకెళ్లాలా?

దస్తావేజు_మామ:
అక్కర్లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. సేల్ డీడ్ రిజిస్ట్రేషన్‌కి ఆస్తి ఎక్కడుందో చూస్తారు. పవర్ ధ్రువీకరణకి మాత్రం ఇచ్చే మనిషి ఎక్కడ కాపురముంటే అక్కడి సబ్ రిజిస్ట్రార్. అమ్మగారు విజయవాడలో ఉంటే అక్కడే. దగ్గర్లో నోటరీ దగ్గర ముద్ర కొట్టించి పంపుతాం అంటే కుదరదు, ఇండియాలో ఉన్నవాళ్ల నోటరీ జీపీఏతో రిజిస్ట్రేషన్‌కి దస్తావేజు దాఖలు చేయనివ్వరు.

మెట్లు ఎక్కలేకపోతే ఇంటికే వస్తారు. అదే 33వ సెక్షన్‌లో ఉంది, శరీరం సహకరించనివాళ్లు ఆఫీసుకి రానక్కర్లేదు. డాక్టర్ సర్టిఫికెట్ జత చేసి దరఖాస్తు పెట్టాలి, ఫీజు ఉంటుంది. వచ్చినాయన అమ్మగారితో ఒంటరిగా మాట్లాడతాడు, "ఇది ఏం కాగితం, ఎవరికిస్తున్నారు, ఎందుకు" అని అడుగుతాడు. పక్కనుంచి మీ అక్కగారు సమాధానాలు అందించకూడదు, అదొక్కటి ముందే చెప్పి పెట్టండి. ఇంకో చిన్న మాట, వయసైనవాళ్ల వేళ్లు అరిగిపోయి మెషీన్‌లో ముద్ర సరిగా పడదు. మా దగ్గర గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి ముంచి తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి మళ్లీ పెట్టిస్తాం.

పల్నాటి_పిల్ల:
శ్రీను గారూ, అమ్మగారి మనసు, జ్ఞాపకం బాగున్నాయి కదా? బాగుంటే ఆలస్యం చేయకండి, అంతే చెప్తాను.

మా నాన్న 2018లో అన్నయ్యకి జీపీఏ ఇచ్చారు, పక్కాగా రిజిస్టర్ చేయించిందే. 2021 నుంచి మతిమరుపు మొదలైంది, 2023కి నన్ను చూసి "ఏ ఊరమ్మా మీది" అని అడిగే స్థితికి వచ్చారు. వైద్యం ఖర్చుకి ఇంటి స్థలం అమ్ముదామని అన్నయ్య ఆ జీపీఏ తీసుకుని వెళ్తే, మా వకీలు ఆపేశారు. ఇచ్చిన మనిషికి బుద్ధి స్వాధీనంలో లేకపోతే పవర్ ఆ రోజే పోయినట్టట. అంటే ఏ రోజు కోసం ఆ కాగితం రాయించుకున్నామో ఆ రోజుకే అది పనికిరాలేదు. నాకు ఇప్పటికీ జీర్ణం కాదు. హైకోర్టుకి వెళ్లి అన్నయ్యని గార్డియన్‌గా పెట్టించుకోవాల్సి వచ్చింది. డాక్టర్ల బోర్డు ముందు నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి "మీ పెళ్లి ఏ ఊళ్లో అయింది" అంటే ఆయన అటూ ఇటూ చూసి మా అమ్మ కొంగు పట్టుకున్నారు.

క్వీన్స్_కృష్ణ:
ఇదేంటండీ, నేను న్యూయార్క్‌లో తీసుకున్న ఫారంలో "డ్యూరబుల్" అని ఉంటుంది, తెలివి తప్పినా పవర్ ఉంటుంది అని. ఇక్కడ 2021 జూన్ 13 నుంచి ఆ ఫారం కూడా మార్చారు. అంతకు ముందు పదం తేడా వస్తే బ్యాంకులు విసిరికొట్టేవి, ఇప్పుడు దాదాపు అలాగే ఉంటే చాలు, ఊరికే కాదంటే బ్యాంకు మీదే కోర్టుకెళ్లొచ్చు, కాకపోతే ఇద్దరు సాక్షులు కావాలి. అదే ఫారం ఇండియాలో వాడేస్తే సరి కదా?

లాయరమ్మ_గుంటూరు:
కృష్ణ గారూ, సరికాదు. మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లో, ఇచ్చినవాళ్లు చనిపోయినా, మతిస్థిమితం పోయినా ఏజెన్సీ, అంటే వాళ్ల తరఫున పని చేసే అధికారం, ముగుస్తుంది. "డ్యూరబుల్" అనే పదం రాసినంత మాత్రాన ఇక్కడ అది రాదు. ఇంగ్లండ్‌లో 2007 నుంచి లాస్టింగ్ పవర్ అని ఉంది, మీ దగ్గర డ్యూరబుల్ ఉంది, మనకి అలాంటి ఫారమే లేదు. నన్నడిగితే మార్చాల్సిన అసలు ఫారం ఇది. ఫోటోలు, వేలిముద్రలు పెంచుకుంటూ పోతున్నారు గానీ, పల్నాటి పిల్ల గారి ఇంట్లో జరిగినదానికి దారి ఏ ముసాయిదాలోనూ నాకు కనబడలేదు. 202వ సెక్షన్ ఒకటుంది, పవర్ పుచ్చుకున్నవాళ్లకి ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే అది పోదు, బిల్డర్ల డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కమ్ జీపీఏలు దాని మీదే నడుస్తాయి. నాన్న కోసం బ్యాంకుకి వెళ్లే కొడుక్కి అది వర్తించదు.

బ్యాంకు_బాబాయి:
రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. రిజిస్టర్డ్ జీపీఏ తెచ్చి బల్ల మీద పెట్టినా బ్యాంకులు తమ సొంత ఫారం మీద సంతకం అడుగుతాయి. ఎన్నారై ఖాతాలకైతే పరిమితులు కూడా ఉన్నాయి. ఎన్నారై ఖాతా మీద ఇక్కడి మనిషికి పవర్ ఉంటే స్థానిక చెల్లింపులు చేయొచ్చు, లేదంటే ఆ ఖాతాదారుకే పంపొచ్చు. ఎన్నారై తరఫున ఇంకొకరికి బహుమతిగా ఇవ్వడానికి లేదు. మా బ్రాంచిలో ఒకబ్బాయి చెల్లెలి పెళ్లికి అన్నయ్య ఖాతాలోంచి కానుక తీయబోయి నాతో గంటసేపు గొడవ పడ్డాడు, "మా అన్న డబ్బు, మా చెల్లి పెళ్లి, మధ్యలో మీరెవరు" అని. అన్నయ్య ఆన్‌లైన్‌లో తనే పంపితే రెండు నిమిషాల పని.

వరంగల్_రైతుబిడ్డ:
ఫ్లాట్ కాదు, పొలం అయితే? మాది మూడెకరాలు, తమ్ముడు దుబాయ్‌ల ఉంటడు.

దస్తావేజు_మామ:
తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ దగ్గర కదా తమ్ముడూ. దానికి భూముల పోర్టల్ ఇంతకు ముందు ధరణి, 2025 నుంచి భూ భారతి. జీపీఏలో సర్వే నంబరు, విస్తీర్ణం, పాసు పుస్తకం నంబరు పోర్టల్‌లో ఎలా ఉందో అలాగే దించాలి. పాసు పుస్తకంలో "వెంకటయ్య", పాస్‌పోర్టులో "వెంకయ్య" అంటే ముందు అది సరిచేయించుకుని తర్వాత జీపీఏ మాట.

చిరాకు_చంద్రం:
సరే, నా కథ. మస్కట్‌లో ఉన్నప్పుడు దగ్గరి బంధువుకే ఇచ్చా, మా ఊళ్లో రెండు ప్లాట్లకి. అందులో గడువు లేదు, కనీస ధర లేదు, డబ్బు ఎవరి ఖాతాలో పడాలో లేదు. మూడేళ్ల తర్వాత ఒకటి అమ్మేశాడు, డబ్బు తన ఖాతాలో, "నీకే కదా, దాచాను" అన్నాడు. ఇంకా దాస్తూనే ఉన్నాడు. రెండోది పోకుండా రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించి, అతనికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, పేపర్లో ప్రకటన కూడా వేయించా. ఫోన్‌లో "రద్దు చేశాను" అంటే సరిపోదు.

కాబట్టి శ్రీను గారూ, బావగారు బంగారం కావచ్చు, అయినా ఒక్క ఫ్లాట్‌కే ఇచ్చే స్పెషల్ పవర్ రాయించండి, ఆరు నెలలో ఏడాదో గడువు పెట్టండి, సొమ్ము మీ ఖాతాలోనే, అమ్మగారి వాటా అమ్మగారి ఖాతాలోనే పడాలని రాయండి. బావగారు నొచ్చుకుంటే మా కథ చెప్పండి.

డాలస్_శ్రీను:
ఆరు వారాల తర్వాత వచ్చా, మీకు చెప్పకపోతే బాగోదని.

స్పెషల్ పవరే రాయించాం. పాతది ఒకటిన్నర పేజీ, ఇది తొమ్మిది పేజీలు. చంద్రం గారి ముక్కలన్నీ పెట్టించా. బావగారే "డబ్బు నా ఖాతాలో పడకూడదని ఇంకా గట్టిగా రాయించరా, రేపు మీ అక్క నన్నడుగుతుంది" అన్నారు. బావగారు వెళ్లి కనుక్కుంటే కాన్సులేట్ ముద్రే కావాలన్నారు, అదే చేయించా. ఒకసారి వెనక్కొచ్చింది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, సేల్ డీడ్‌లో పొడి అక్షరం మాత్రమే. రెండూ ఒకరే అని ఒక వాక్యం చేర్చి మళ్లీ పంపాను.

అమ్మ దగ్గరికి ఇంటికే వచ్చారు. అక్క వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. వచ్చినాయన "ఈ కాగితం దేనికమ్మా" అంటే అమ్మ, "ఫ్లాట్ అమ్మటానికి నాయనా, మా అల్లుడికి అధికారం ఇస్తున్నా, డబ్బు మాత్రం నా బ్యాంకులోనే" అందట. కొబ్బరినూనె పనిచేసింది మామ గారూ, మూడోసారికి ముద్ర పడింది.

నా కాగితం వాలిడేషన్ కూడా అయిపోయింది, స్లాట్ వచ్చే గురువారం. కొరియర్ కవర్ బావగారు బీరువాలో పెట్టి తాళం వేశారు.

న్యూజెర్సీ_వెంకట్:
😂 ఇప్పుడిక పారేయొచ్చని చెప్పండి.

దస్తావేజు_మామ:
వద్దు వద్దు, గురువారం సేల్ డీడ్ అయ్యేదాకా ఉండనివ్వండి. గురువారం పొద్దున అమ్మగారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడి, మీ ఇద్దరి తరఫున పవర్ రద్దు కాలేదన్న కాగితం బావగారి దగ్గర రెండు కాపీలు ఉంచండి. ఒకటి అడుగుతారు, ఒకటి పోతుంది.